టీబీ వార్డులో ఒంటిరెక్క గుర్రం

నాకు నర్సు ఉద్యోగం వచ్చిన మొదటి ఏడాది, ఎండలు ముదరగానే నా వార్డులో మంచాలన్నీ ఖాళీ అయిపోయాయి. రోగం నయమై కాదు, తునికాకు కోతకు.

ఎనభైల మొదట్లో మాట ఇది. భద్రాచలం పోయే దారిలో, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఒక చిన్న సర్కారు దవాఖానా. దాని వెనకవైపు, పెంకులు కప్పిన పొడవాటి షెడ్డు టీబీ వార్డు. మధ్యలో అడ్డుగోడ కట్టి ఒక సగం మగవాళ్లకు, ఒక సగం ఆడవాళ్లకు ఇచ్చారు. ముందున్న వరండా మాత్రం అందరిదీ. ఆ రోజుల్లో టీబీకి దినం తప్పకుండా స్ట్రెప్టోమైసిన్ సూది, దాంతోపాటు గుప్పెడు మాత్రలు. సూది నెలల తరబడి పొడిపించుకోవాలి. కానీ కొన్ని వారాలు తిరిగేసరికే జ్వరం తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, ఒంటికి కాస్త బలం వస్తుంది. చిక్కంతా అక్కడే వచ్చేది. బాగైపోయిందనుకుని మూట కట్టుకుని వెళ్లిపోయేవారు. అడవి పల్లెల వాళ్లకు ఏడాదిలో చేతికి రొక్కం అందేది బీడీ ఆకు కోసే ఆ కొద్ది రోజుల్లోనే, వాళ్లను తప్పు పట్టడానికి కూడా నోరొచ్చేది కాదు. మధ్యలో మందు ఆపి పోయినవాళ్లు మళ్లీ వచ్చేసరికి పాత మందు వాళ్ల మీద పనిచేసేది కాదు. కొందరైతే రానే లేదు.

మా డాక్టరుగారు గుంటూరు వైపు మనిషి. యాభై దాటాయి. ఆయన కోప్పడి చూశారు, బతిమాలి చూశారు, ఎక్స్‌రేలు వెలుగుకు పట్టి చూపించారు. తలలు ఊపి విన్నవాళ్లే తెల్లారేసరికి కనబడేవారు కాదు.

నేను బోనకల్లు దగ్గర పల్లెలో పుట్టాను. మా మేనత్త ప్యాసింజరు రైలు దిగి వచ్చిందంటే, ఆమె సంచిలో పళ్లతోపాటు రెండు మూడు జానపద నవలలు ఉండేవి. మాంత్రికులు, రాకాసి పక్షులు, మాట్లాడే చెట్లు, పాతాళంలో పట్నాలు. ఆమె నన్ను ఏ పుస్తకం కావాలని ఎన్నడూ అడగలేదు. "ఇయ్యాల ఎట్ల ఉన్నవే?" అని అడిగేది. నా మొహం చూసి, నేను చెప్పింది విని, సంచిలోంచి ఒకటి తీసేది. పరీక్ష తప్పినప్పుడు ఒక రకం, జ్వరం వచ్చినప్పుడు ఒక రకం, ఊరికే ఎగిరెగిరి పడుతున్నప్పుడు ఇంకో రకం. నేను ఉద్యోగానికి బయల్దేరినప్పుడు ఆ పుస్తకాలన్నీ ట్రంకుపెట్టెలో సర్ది ఇచ్చింది.

రెండో ఏడాది ఒక మధ్యాహ్నం, వరండాలో కూర్చుని వాటిలో ఒకటి చదువుకుంటున్నాను. అట్ట ఎప్పుడో ఊడిపోయింది. పేరేంటో, రాసిందెవరో నాకు నేటికీ తెలియదు. ఆడవాళ్ల వైపు నుంచి ఒకామె వచ్చి నా పక్కన బెంచీ మీద చతికిలబడింది. సత్తుపల్లి పక్క పొగాకు పండించే రైతు ఇల్లాలు. వాళ్ల పెద్దలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు చేసుకున్నారు. వార్డులో అందరం ఆమెను సత్తుపల్లి అక్క అనేవాళ్లం.

"ఏంటమ్మాయ్, నీలో నువ్వే నవ్వుకుంటున్నావ్? ఆ నవ్వేదో మాక్కూడా కాస్త పెట్టరాదూ?"

నేను మొదటి పేజీకి తిప్పి పైకి చదవడం మొదలుపెట్టాను. ఉప్పు అమ్ముకునే వాడికి ఒక కూతురు. తెల్లవారి ఉప్పుమడికి పోయేసరికి మడిలో ఒక గుర్రం పడి ఉంటుంది. దానికి ఒక్కటే రెక్క. రెండోది ఒక మాంత్రికుడు కోసుకుపోయాడు. ఆ రెక్కను విసనకర్ర చేసుకుని, మబ్బుల్ని తన వైపుకు తోలుకుంటున్నాడు. అందుకే ఊళ్లో వానలు లేవు. రెక్క తెచ్చిస్తానని ఆ పిల్ల గుర్రానికి మాట ఇస్తుంది.

నేను తలెత్తేసరికి వరండా నిండా మనుషులు. గోడకు ఆనుకుని కొందరు, మెట్ల మీద కొందరు. సూదులు మరగబెట్టే వేళ అయిందని పుస్తకం మూశాను.

"ఆపకు నర్సమ్మా."

ఆ గొంతు నాకు కొత్త. మగవాళ్ల వైపు మూల మంచంలో ఉండే కోయాయన. నలభై ఏళ్లుంటాయి. అశ్వారావుపేట అవతల అడవిలో వాళ్ల పల్లె. వచ్చినప్పటి నుంచి అవును కాదు తప్ప మాట్లాడిన మనిషి కాదు. "ఆ పిల్లతోటి గుర్రం పోతదా, ఒక్కతే పోతదా? గది చెప్పి పో."

"రేపు చెప్తా అన్నా. సూదులైనంక."

మరుసటి రోజు సూది వేళకు ఒక్కరినీ పిలవాల్సిన పని పడలేదు. ముందు సూది, తర్వాత కథ అని నేనేమీ నియమం పెట్టలేదు. అది దానంతట అదే ఏర్పడింది. అన్నాళ్లూ సూది వేళకు పెరటి చింతచెట్టు వెనక దాక్కునే ఒక లారీ డ్రైవరు అందరికంటే ముందు వచ్చి నిలబడ్డాడు.

డాక్టరుగారు రౌండ్సుకు వచ్చి వరండాలో గుంపును చూశారు. "ఏంటమ్మా ఇది? వార్డా, హరికథా?"

"ఇవాళ సూది తప్పించుకున్నవాళ్లు ఎవరూ లేరు సార్," అన్నాను.

ఆయన గుంపు వైపు ఒకసారి, నా చేతిలో పుస్తకం వైపు ఒకసారి చూశారు. "గాలాడే చోటే చదువు. లోపల వద్దు," అని వెళ్లిపోయారు.

అట్లా మొదలైంది. ఒంటిరెక్క గుర్రం పెద్ద పుస్తకం. పైగా కొత్తవాళ్లు చేరినప్పుడల్లా జరిగిన కథ మళ్లీ చెప్పాల్సి వచ్చేది. మధ్యమధ్యలో వేరేవి కూడా తీసేదాన్ని. పెట్టెలో ఒక నవ్వుల నవల ఉండేది. అందులో మాంత్రికుడికి ఒక్క మంత్రం కూడా సరిగా రాదు. రాజును చిలుకను చేయబోతే తన గడ్డమే మేకపిల్లై, మే మే అంటూ సభంతా పరుగులు తీస్తుంది. అది చదివిన రోజు లారీ డ్రైవరు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. కఫం ఉమ్మే గిన్నెలో ఎర్రటి చార కనబడింది.

డాక్టరుగారు పరుగున వచ్చారు. అతన్ని పడుకోబెట్టి, మందిచ్చి, అంతా సర్దుకున్నాక నా వైపు తిరిగి, "నవ్వించి చంపుతావా?" అని ఒక్క మాట అన్నారు. ఇంక చదవడం మానేద్దామనే అనుకున్నాను.

మానలేకపోవడానికి కారణం ఆ డ్రైవరే. మర్నాడు రౌండ్సులో, లేవొద్దన్నారని మంచం మీద పడుకునే, "సార్, నేనెప్పుడు నవ్వొచ్చు?" అని అడిగాడు. డాక్టరుగారు అతని ఎక్స్‌రే మళ్లీ ఒకసారి చూశారు. "ఊపిరితిత్తి కాస్త మానాక," అన్నారు. "అయితే ఆ మేకగడ్డం పుస్తకం దాచిపెట్టు నర్సమ్మా, నేను లేకుంట చదవకు," అన్నాడు వాడు నాతో.

ఆ తర్వాత వార్డులో అదొక కొలమానమైపోయింది. కొత్తగా వచ్చినవాళ్లకు నెమ్మదిగా నడిచే కథలు. నదిలో తేలే తోట, నిద్రపోయే పట్నం, అటువంటివి. కాస్త కోలుకున్నవాళ్లకు యుద్ధాలు, రాకాసి పక్షులు. పూర్తిగా తేరుకున్నవాళ్లకు మేకగడ్డం. డాక్టరుగారు కూడా ఎక్స్‌రే చూస్తూ, "ఇతనికి ఇంకో నెల మేక వద్దమ్మా, నిద్రపోయే పట్నమే ఇవ్వు," అనేవారు. ఆయన హాస్యానికే అన్నారేమో. నేను మాత్రం తు.చ. తప్పకుండా పాటించాను.

సత్తుపల్లి అక్కకు చదువొచ్చు. ఆమె సరిగా తినేది కాదు. అందరితో సరసంగా మాట్లాడేది, కంచం మాత్రం అలాగే తిప్పి పంపేది. ఒకరోజు మా మేనత్త అడిగినట్టే అడిగాను. "అక్కా, ఇవాళ ఎట్లా ఉన్నావ్?" ఆమె కంచం పక్కకు జరిపింది. నేను పెట్టెలో అడుగున ఉన్న సన్నటి నవల తెచ్చి ఇచ్చాను. ఒక రాణి, చనిపోయిన బిడ్డను చూడటానికి నీడల లోకానికి పోతుంది. బిడ్డ ఆడుకుంటుంటే చూడొచ్చు, పిలవకూడదు. అదీ షరతు. నేను పైకి చదవని పుస్తకం అది.

ఆ మధ్యాహ్నమంతా ఆమె దుప్పటి ముసుగేసుకుని ఏడ్చింది. వార్డు ఆయమ్మ నా మీద లేచింది. "పానం బాగలేనామెకు గిట్లాంటిదా ఇచ్చేది?" నాకూ భయమేసింది. తెల్లవారి మందులిస్తుంటే అక్క నా చేయి పట్టుకుని కూర్చోబెట్టింది. తన చిన్న కొడుకు గురించి చెప్పింది. జ్వరంతో పోయాడట. వాడి పేరు ఇంట్లో ఎవరూ ఎత్తరట, ఆమె బాధపడుతుందని. చాలాసేపు చెప్పింది. చివరికి, "ఆ రాణి వెనక్కొచ్చి పొయ్యి రాజేసుకుంది చూశావా అమ్మాయ్, అది బాగా రాశాడు," అంది. ఆ పూట కంచం ఖాళీ చేసింది.

ఎండలు మొదలయ్యాయి. చుట్టాల పెళ్లికని కొద్ది రోజులు సెలవు పెట్టి ఊరు వెళ్లాను. వెళ్లే ముందురోజు ఒంటిరెక్క గుర్రం మంచి పట్టులో ఆగింది. ఉప్పువాడి కూతురు గాజు కొండ ఎక్కి, మాంత్రికుడి ఇంట్లో దూరి, రెక్క మీద చెయ్యి వేసింది. వెనక తలుపు చప్పుడైంది.

తిరిగొచ్చేసరికి మూల మంచం ఖాళీగా ఉంది.

సత్తుపల్లి అక్క చెప్పింది. నేను లేని రోజుల్లో పొద్దుపోక ఆయమ్మ బస్టాండులో ఒక వారపత్రిక కొనుక్కొచ్చింది. అందులో చేతబడి సీరియల్ ఒకటి. ఎవడో ఒకడి పేరున పిండిబొమ్మ చేసి, రోజూ దానికి సూదులు గుచ్చుతుంటే, ఆ మనిషి రక్తం కక్కుకుంటాడు. డ్రైవరు అది గొంతు మార్చి మార్చి చదివాడు. అందరూ ఒళ్లు గగుర్పొడిచి మహా సంబరంగా విన్నారు. మూల మంచం అన్న ఒక్కడే ఆ పూట అన్నం ముట్టలేదు. తెల్లారి సూదికి పిలిస్తే, తోడుగా ఉంటున్న పెళ్లాంతో కలిసి గేటు దాటుతూ కనిపించాడట.

"నాకేమెరుక నర్సమ్మా, అందరికీ మంచిగనే ఉండె," అని ఆయమ్మ కళ్లు తుడుచుకుంది. ఆమెను ఏమనగలను? అటువంటి సీరియళ్లు నేనూ చదివేదాన్ని, గుండె దడదడలాడుతుంటే వచ్చే వారం కోసం చూసేదాన్ని. అందరికీ అది ఒట్టి కథ. రోజూ సూదులు పడుతూ, గిన్నెలో రక్తం చూసుకున్న మనిషికి అది తన కథే.

డాక్టరుగారు బల్ల మీద వేళ్లు కొడుతూ కూర్చున్నారు. "తునికాకు కూడా మొదలవుతోంది. ఇప్పుడు ఆగిపోతే ఇంక రాడు. మలేరియా జీపు అటు పోతోంది. వెళ్తావా?"

"పోతా సార్."

"పుస్తకం తీసుకెళ్లు."

"వద్దు సార్. తీసుకెళ్తే అక్కడే చదవమంటారు," అన్నాను. ఆయన మొదటిసారి పైకి నవ్వారు.

వాగు దాకా జీపులో పోయి, అక్కడి నుంచి నడిచాం. కోయభాష తెలిసిన మలేరియా వర్కరు నాకు తోడు. పొద్దు ఇంకా బాగానే ఉండగా పల్లె చేరాం. ఇళ్ల మధ్య పందిరి కింద జనం గుంపుగా కూర్చున్నారు. మధ్యలో మా మూల మంచం అన్న. వాళ్ల భాషలో ఏదో చెబుతున్నాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అంతలో ఆయన లేచి, ఒక చెయ్యి రెక్కలాగా బారుగా చాచి, రెండో చెయ్యి వీపు వెనక దాచుకుని, ఒక పక్కకు ఒరిగి కుంటుకుంటూ పందిరి చుట్టూ తిరిగాడు.

ఒంటిరెక్క గుర్రం! నేను అక్కడే నిలబడిపోయాను. వార్డులో అవును కాదు తప్ప పలకని మనిషి. పిల్లలు వెంటపడి కేరింతలు కొడుతున్నారు, ముసలివాళ్లు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు.

నన్ను చూసి ఆయన చెయ్యి దించేశాడు. ఆయన భార్య మాత్రం ఎదురొచ్చింది. "మంచిగొచ్చినవ్ నర్సమ్మా. వచ్చిన కాడినుంచి దినాం గిదే కథ. తలుపు చప్పుడు కాడికొచ్చి ఆగుతడు. తర్వాత ఏమాయెనంటే తెల్వదంటడు. ఊరోళ్లు మా పానం తీస్తుండ్రు."

అన్న తలవంచుకుని చెప్పాడు. "నేను రాను. నా పేరున ఎవరో బొమ్మ చేసిండ్రు."

నేను నవ్వలేదు. "అన్నా, నువ్వు దవాఖానాకు వచ్చిన్నాడు ఎట్లున్నవ్? ఇద్దరు మోసుకొచ్చిండ్రు నిన్ను. ఇప్పుడు గుర్రం లెక్క పందిరంతా తిరుగుతున్నవ్. బొమ్మకు సూదులు గుచ్చితే మనిషి చిక్కిపోవాలె గదా. నా సూదులకు నువ్వు లావైతున్నవేంది?"

మలేరియా వర్కరు అది వాళ్ల భాషలో చెప్పగానే గుంపులో నవ్వులు లేచాయి. ఊళ్లో మందూ మంత్రం చూసే పెద్దాయన ఒకడు ముందుకొచ్చి, అన్న జబ్బ పట్టుకుని నొక్కి చూశాడు. పక్కటెముకల మీద వేళ్లు పెట్టి చూశాడు. ఆయన నా పనికి అడ్డం వస్తాడేమో అనుకున్నాను.

"అవ్. కండ పట్టిండు," అన్నాడు పెద్దాయన, నాకూ అర్థం కావాలని తెలుగులోనే. జబ్బ వదిలి, "బొమ్మ సంగతి నేను జూస్త. దగ్గు సంగతి వాళ్లు జూస్తరు. నువ్వు పో," అని తీర్పు చెప్పాడు. అంతటితో ఆగలేదు. "పోయి, ఆ పిల్లకు రెక్క దొరికిందో లేదో ఇనుకొని రా."

గుంపంతా నా మీద పడింది. నువ్వే చెప్పరాదూ, ఇప్పుడే చెప్పరాదూ అని. "పుస్తకం దవాఖానాలో ఉంది. నాకు గుర్తు లేదు," అన్నాను. పచ్చి అబద్ధం. నాకది కంఠతా వచ్చు.

భార్య సందేహించింది. "ఆకు మొదలైతుంది. నేనొక్కదాన్ని ఎంత కోస్త?"

పక్కింటి ఆడవాళ్లు ఆమెను మాట పూర్తి చేయనివ్వలేదు. మేం కోస్తామన్నారు. మీ కట్టలు కూడా మేమే కట్టి, ఆకు కొనే కల్లానికి వేస్తామన్నారు. బదులుగా, దవాఖానా పక్కన జరిగే సంతకు వాళ్లు వచ్చిన ప్రతిసారీ అంతవరకూ జరిగిన కథ ఆయన వాళ్లకు చెప్పాలి. బేరం కుదిరింది. అన్న గొంగడి భుజాన వేసుకుని వాగు వైపు నాకంటే ముందు నడిచాడు.

ఆ వేసవి సంత రోజుల్లో మా వరండా చూడాల్సిందే. ఆకు కోసి నల్లబడిన చేతులతో ఆ పల్లె ఆడవాళ్లు వచ్చి మెట్ల కింద కూర్చునేవారు. నేను తెలుగులో చదివేదాన్ని, అన్న వాళ్ల భాషలో చెప్పేవాడు. నా చదువు కంటే ఆయన చెప్పడమే గొప్పగా ఉండేది. భాష రాని సత్తుపల్లి అక్క కూడా రెండోసారి ఆయన చెప్పేదాకా కదిలేది కాదు.

ఒకళ్లిద్దరు మూటలు కట్టకపోలేదు. అన్న పోయి గుమ్మంలో నిలబడేవాడు. "నేనూ పోయినోన్నే. పోయి ఏం జేసిన? తలుపు కాడ ఆగిపోయిన. కూసో. నీకు యుద్ధం కథ పడతది, నర్సమ్మనడిగి చదివిస్త." ఎవరికి ఏది పడుతుందో ఆయనకు నాకంటే ముందే తెలిసేది. భయపడేవాళ్లకు నిద్రపోయే పట్నం, కోపిష్టివాళ్లకు రాకాసి పక్షులు. డ్రైవరుకైతే ఒకరోజు ఆయనే దండోరా వేశాడు. "ఇయ్యాల మేకగడ్డం! డాక్టరు సారు ఒప్పుకున్నడు!" డ్రైవరు మనసారా నవ్వాడు. వరండా అంతా వాడి దగ్గు కోసం చెవులు రిక్కించింది. నవ్వే వినబడింది.

ఆ ఏడాది తునికాకు కోతకు నా వార్డు నుంచి ఎవరూ పోలేదు.

ఒంటిరెక్క గుర్రం ముగిసిన రోజు సంత. తలుపు చప్పుడు చేసింది మాంత్రికుడు కాదు, గాలి అని అంతకుముందే తేలిపోయింది. పిల్ల రెక్క తెచ్చింది, కానీ అది ఎండిపోయి అతకలేదు. ఇంట్లో ఉన్న ఉప్పంతా నీళ్లలో కరిగించి ఆమె దాన్ని నానబెడుతుంది. ఒక ఉదయం గుర్రం రెండు రెక్కలూ విదిలించి లేస్తుంది. వెనకే మబ్బులు. అన్న ఆ ముక్క చెబుతూ, అన్నాళ్లూ వీపు వెనక దాచిన చేతిని ముందుకు తెచ్చి చాచాడు. మెట్ల కిందనున్న ఆడవాళ్లు ఒక్కసారిగా అరిచారు. మా వార్డంతా అరిచింది. తలుపు దగ్గర డాక్టరుగారు స్టెతస్కోపు మెడలో వేసుకుని, ఎప్పుడొచ్చారో మరి, చప్పట్లు కొడుతున్నారు.

సూదుల కోర్సు పూర్తయ్యాక అన్న కఫం పరీక్షలో క్రిములు కనబడలేదు. తర్వాత మళ్లీ చేసినా కనబడలేదు. ఇంట్లో మింగాల్సిన మాత్రలు మూట కట్టి ఇస్తే, సంత సంతకూ వచ్చి తీసుకుపోయాడు. ఒక్కసారి కూడా తప్పలేదు. సత్తుపల్లి అక్క అంతకుముందే ఇంటికి వెళ్లింది, నీడల లోకం నవలను నన్నడిగి తీసుకుని మరీ. జిల్లా నుంచి వచ్చిన పెద్ద డాక్టరు, వేసవిలో కూడా నిండుగా ఉన్న మా వార్డు చూసి, ఏం చేస్తున్నారని అడిగాడు. మా డాక్టరుగారు ఏమాత్రం తడుముకోకుండా, "స్ట్రెప్టోమైసిన్, ఐసోనియాజిడ్, జానపద నవలలు," అన్నారు. పెద్ద డాక్టరు నవ్వాడు. మా డాక్టరుగారు నవ్వలేదు.

వానలు పడ్డాక ఒక పొద్దున, అన్న వాళ్ల పల్లె నుంచి ఒక నడివయసు ఆమె బస్సు దిగి నేరుగా వార్డుకు వచ్చింది. దగ్గు మొదలై ఎంతో కాలం కాలేదట. అంత తొందరగా దవాఖానాకు వచ్చిన మనిషిని ఆ అడవి పల్లెల నుంచి నేను అంతవరకు చూడలేదు. మంచం చూపిస్తే కూర్చోలేదు.

"గుర్రం కథ చదివేది గీడనేనా?"

"అవ్, ఇక్కడే."

"అన్న పంపిండు. ముందుగాల గుర్రం చదివించుకొమ్మన్నడు. మేక కథ ఇప్పుడే ఇనొద్దన్నడు, దగ్గు తగ్గినంక ఇనాలంట."

ఆమెను కూర్చోబెట్టి, సూది మరగబెట్టడానికి లోపలికి పోయాను.